తోకమాటల కోట

పడమటి సముద్రం నడుమ ధవళద్వీపం తెల్లటి ఏనుగు పడుకున్నట్టు ఉంటుంది. ఆ ఏనుగు వీపు మీద అంబారీలాగా నిలబడింది మాంత్రికుడు వక్రకేతుడి కోట. దాని గోడలు ముత్యపుచిప్పలు నూరి పూసినట్టు ఎండకు తళతళలాడతాయి. బురుజుల మీద వెండి గంటలు గాలి లేకపోయినా ఊగుతాయి. కందకంలో నీళ్ళు పాలలా తెల్లగా ఉండి, వాటిలో ఎర్ర చేపలు నిప్పుకణికల్లా తిరుగుతాయి. దూరం నుంచి చూసినవాళ్ళు ఇంద్రుడి నగరులో ఒక ముక్క ఊడి కింద పడిందేమో అనుకుంటారు. దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఏమనుకున్నారో మాత్రం ఎవరికీ తెలియదు. వాళ్ళెవరూ తిరిగి వచ్చి చెప్పలేదు.

సూర్యుడు పడమటికి బాగా ఒరిగిన ఆ వేళ, నూనె కుండలతో నిండిన ఒక చిన్న పడవ ఆ కోట వైపు వెళుతోంది. తెడ్డు వేస్తున్నది పొగడ.

నీలకూట రాజ్యంలో, మందేరు ఒడ్డున, పడవవాళ్ళ ఇంట పుట్టిన పిల్ల పొగడ. తెడ్డు పట్టుకుంటే సుడిగుండానికైనా జంకదు. నలుగురి ముందు నోరు తెరవమంటే మాత్రం అరచేతులు చెమటలు పడతాయి. ఆమె మాట్లాడవలసినవన్నీ ఆమె అన్న కేదారే మాట్లాడేవాడు. సంతలో బేరం అతనే ఆడేవాడు, తగాదా వస్తే అతనే అరిచేవాడు. ఆమె అతని వీపు వెనక నిలబడి నవ్వుకునేది.

ఇప్పుడు ఆ వీపు లేదు.

కిందటి అమావాస్యనాడు ఒక వర్తకుడు పెద్ద బుట్టతో వాళ్ళ పడవెక్కాడు. నడి ఏట్లోకి వచ్చేసరికి బుట్టలోంచి ఏడుపు వినిపించింది. మూత తీసి చూస్తే చిలుకలు. అవి మనుషుల్లా వెక్కి వెక్కి ఏడుస్తున్నాయి. కేదారి మరేం ఆలోచించలేదు. బుట్ట బోర్లించి వాటిని ఆకాశంలోకి వదిలేశాడు. వర్తకుడి వేషంలో ఉన్న వక్రకేతుడి కళ్ళు ఎర్రబడ్డాయి. "నా గుంపును వదిలేశావు కదూ! అయితే నువ్వే గుంపువి కా!" అని వేలు చూపించి, "బర్డ్స్!" అన్నాడు.

కేదారి నవ్వబోతున్నవాడు నవ్వబోతున్నట్టే చెదిరిపోయాడు. అతను నిలబడ్డ చోట పచ్చటి చిలుకల గుంపు రెక్కలు కొట్టుకుంటూ లేచి, మాంత్రికుడి వెంట పడమటికి ఎగిరిపోయింది. పొగడ చేతికి దొరికింది ఒక్క ఈక కూడా కాదు, రెక్కల గాలి మాత్రమే.

"తెడ్డు వేస్తానే పలుకు. చేతి పని చేతిది, నోటి పని నోటిది," అన్నాడు పడవలో ఆమెకు ఎదురుగా కూర్చున్న ముసలివాడు. అతని పేరు సింగారయ్య. ఒకప్పుడు వక్రకేతుడి కొలువులో దుబాసీ. అంటే, నీలకూటం నుంచి వచ్చిన వాళ్ళ మాట ధవళద్వీపం వాళ్ళకీ, వాళ్ళ మాట వీళ్ళకీ మార్చి చెప్పేవాడు. మనుషుల్ని పిట్టల్ని చేయడం చూడలేక ఒకరోజు పారిపోయి వచ్చాడు. ఇప్పుడు ఈ పిల్ల కోసం నూనె వర్తకుడి వేషం కట్టి మళ్ళీ అక్కడికే వెళుతున్నాడు. పొగడ అతని మనవరాలి వేషంలో, ద్వీపం ఆడవాళ్ళలా బూడిదరంగు అంగీ తొడుక్కుని, ముఖానికి ముగ్గుపిండి పూసుకుంది.

"ఊఁ, చెప్పు. దీపం?"

"లాంప్."

"దీపాలు?"

"లాంప్స్."

"పెట్టె? పెట్టెలు?"

"బాక్స్. బాక్స్... స్..." పొగడ నాలుక మడత పడింది.

"అదిగో! బుసకొట్టే మాటకి ఇంకో బుస తగిలిస్తే రెండు పాములూ కొట్టుకు చస్తాయని చెప్పానా? నడుమ చిన్న పీట వెయ్యాల."

"బాక్సెస్."

"అద్దీ. తలుపు తీయి?"

"ఓపెన్."

"తీసేశాను?"

"ఓపెన్డ్."

"తీస్తా ఉన్నాను?"

"ఓపెనింగ్."

"నడిచాడు?"

"వాక్‌ట్."

"నడిచింది? వారు నడిచారు?"

"వాక్‌ట్. వాక్‌ట్." పొగడ తెడ్డు ఆపింది. "తాతా, ఇదేం భాష? నడిచింది మారాజో గేదో ఎలాగ తెలుస్తాది?"

"తెలవదు. ఆ భాషలో రాజుకీ గేదెకీ ఒకటే తోక."

"అయ్యో పాపం."

"ఎవరు, రాజా?"

"గేదె," అంది పొగడ.

సింగారయ్య పడవ ఊగేలా నవ్వాడు. పడవ మీద కోట నీడ పడగానే ఆ నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు: "ఇయ్యన్నీ పెంపుడు మాటలు పిల్లా. తోక తగిలిస్తే తలొంచుకుని తగిలించుకుంటాయి. అడవి మాటలు కూడా ఉన్నాయి. పిల్లాడు, పాదం, పోవడం, తినడం. వాటి జోలికెళ్ళకు, కరుస్తాయి. గుమ్మం కాడ తప్పు పలికినోళ్ళు ఏమవుతారో నువ్వే చూద్దువుగాని."

"మరి అన్న కోసం పలకాల్సింది?"

"ఆ భాషలో 'స్' అనే ఒకటే తోక రెండు పనులు చేస్తాది. పేరుకి పెడితే మంద. పనికి పెడితే, ఆ పని చేసినోడు ఒక్కడేనని. వాడు మీ అన్న పేరుకి పెట్టాడు తోక. నువ్వు దాన్ని పీకి పనికి తగిలించాల. బర్డ్ రిటర్న్‌స్. ఒక్కటే పిట్ట, తిరిగొస్తాది అని. సొంత రక్తం నోటితోనే అనాల. గుంపంతా నీ ఎదట ఉండాల."

"ఒకటి తగ్గితే?"

సింగారయ్య సముద్రం వైపు చూశాడు. "తగ్గిన మేర మనిషి తగ్గుతాడు."

పొగడ సూర్యుడి వంక చూసింది. ఈరోజు పొద్దు గుంకేసరికి కోటలోని పక్షిశాల కప్పు తెరుస్తారు. ఏడాదికి ఒక్కరోజే తెరుస్తారు. గుంపులన్నీ వక్రకేతుడికి వేగులవాళ్ళుగా ఎగిరిపోతాయి, గుంపులో పిట్టకొక దేశం. ఒకసారి అలా చెదిరిన మనిషి మళ్ళీ ఒక్కచోట చేరడం ఎన్నడూ జరగలేదు. సూర్యుడు అప్పటికే సముద్రం మీద జానెడు ఎత్తుకు దిగాడు.

రేవులో పడవ కట్టి, కావడిలో నూనె కుండలు పెట్టుకుని ఇద్దరూ మెట్లెక్కారు.

కోట గుమ్మానికి అటూ ఇటూ రాతి స్తంభాలు వరసగా ఉన్నాయి. దగ్గరికి వెళ్ళాక పొగడ వాటిని తేరిపార చూసింది. ప్రతి స్తంభానికీ ఒక ముఖం ఉంది. ప్రతి నోరూ సగం తెరుచుకుని, ఏదో మాట మధ్యలో ఆగిపోయి ఉంది.

గుమ్మంలో ఎత్తైన రాతిపీట మీద కూర్చుని ఉంది ద్వారపాలకురాలు మొరీనా. సున్నపురాయిలాంటి ముఖం, రెప్ప వేయని కళ్ళు. పొగడ వాళ్ళకు ముందు మిరియాల మూటతో ఒక వర్తకుడు నిలబడి ఉన్నాడు. మొరీనా తన భాషలో అడుగుతోంది, అతను చెమటలు కక్కుతూ జవాబు చెబుతున్నాడు.

"నీకు పిల్లలున్నారా?" అంది మొరీనా.

"ఉన్నారు," అన్నాడతను, సంబరంగా.

"ఎవరున్నారో చెప్పు."

"చైల్డ్స్," అన్నాడు.

'స్' అన్న చప్పుడు అతని పెదవుల మీదే గడ్డకట్టింది. కాళ్ళ నుంచి తెల్లటి రాయి పాకుతూ నడుము దాటి మెడ దాకా వచ్చింది. కళ్ళు మాత్రం ఒక్క క్షణం ఎక్కువసేపు బతికి ఉండి పొగడ వైపు చూశాయి. తరువాత అవి కూడా రాయయ్యాయి. మిరియాలు గలగలా మెట్ల మీద దొర్లిపోయాయి.

"తరువాత," అంది మొరీనా.

సింగారయ్య ముందు వెళ్ళాడు. పాత నాలుక కనుక నీళ్ళు తాగినంత తేలికగా గట్టెక్కాడు. ఆపైన పొగడ వంతు. ఆమె ముందుకు అడుగు వేసింది.

"చెమట పట్టనివ్వకే, కారితే ముఖం వాకిట్లో ముగ్గవుద్ది," అని గొణిగాడు సింగారయ్య పక్కనుంచి.

మొరీనా కుండల వైపు వేలు చూపింది. "ఏమిటివి?"

"పాట్స్."

"ఆ మూల ఉన్నవి?"

"బాక్సెస్." పీట సరిగ్గా పడింది. పొగడ ఊపిరి తీసుకుంది.

"నిన్న ఏం చేశావు?"

నిన్న పొగడ అన్నం తింది, సముద్రం మీద వచ్చింది, పడుకుంది. అన్నీ అడవి మాటలే! ఆమె మనసు ఒక్కొక్క పనినీ ముట్టుకుని నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకుంది. వెనక మెట్ల మీద మిరియాలు ఇంకా దొర్లుతూనే ఉన్నాయి.

"కుక్‌ట్," అంది చివరికి. వండాను.

"తరువాత?"

"వాష్‌ట్." కడిగాను.

"తరువాత?"

"వెయిటెడ్." ఎదురుచూశాను.

"ఎవరి కోసం?"

సింగారయ్య వేళ్ళు కావడి బద్ద మీద బిగిశాయి. పొగడకు అబద్ధం తట్టలేదు. "బ్రదర్," అంది.

"ఎంతమంది?"

"ఒక్కడే," అంది పొగడ ఆ భాషలోనే, తోక లేకుండా. అలా అంటున్నప్పుడు ఆమె గొంతు వణికింది. మొరీనా ఆ వణుకును కాసేపు వింటున్నట్టు కూర్చుంది. చివరికి చెయ్యి ఊపింది. ఇనుప తలుపులు రెండుగా విడిపోయాయి.

"గట్టెక్కావే పిల్లా!" అన్నాడు సింగారయ్య పెదవులు కదపకుండా. కావడి భుజాన వేసుకుని లోపలి ఆవరణలోకి చరచరా నడిచాడు. పొగడ అతని వెనకే అడుగు పెట్టింది.

అరికాలికి గరుగ్గా ఏదో తగిలింది. కిందికి చూసింది. ఆవరణ పొడవునా పరిచిన నల్లరాతి పలకల మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఎడంవైపు, కుడివైపు, గోడ దాకా అన్నీ అక్షరాలే. సిపాయిలు వాటిని తొక్కుకుంటూ తిరుగుతున్నారు. ఒక కుక్క వాటి మీద పడుకుని గోళ్ళు నాక్కుంటోంది. పొగడ కుడి కాలు ఒక అక్షరం మీద పూర్తిగా ఆనింది.

మందేటి ఒడ్డు ఇసుక బడిలో ఓనమాలు దిద్దేటప్పుడు, రాసిన అక్షరాన్ని కాలితో చెరిపితే పంతులు వేళ్ళ మీద కొట్టేవాడు. చేత్తో మెల్లగా సర్ది, ఆ చెయ్యి కళ్ళకద్దుకోవాలి. అక్షరం ఏ భాషదని పొగడ మనసు అడగలేదు. అసలు మనసుకు అడిగే వ్యవధే లేదు. ఆమె గబుక్కున కాలు తీసి, వంగి, వేళ్ళతో ఆ అక్షరాన్ని తాకి, రెండు కళ్ళకూ అద్దుకుంది.

వెనకనుంచి మొరీనా నవ్వింది. రాళ్ళు రాచుకున్నట్టుందా నవ్వు.

"మాటలు నేర్చుకుని వచ్చేవాళ్ళను నేను మాటలతో పట్టుకోను," అందామె పీట దిగుతూ. "నోటికి నేర్పిన గురువు చేతికి నేర్పడం మరిచిపోతాడు. ఈ గచ్చు మా దొర వేయించింది మీ ఒడ్డువాళ్ళ కోసమే."

"ఓరి నా మతిమరుపు మండా!" అన్నాడు సింగారయ్య నెత్తి కొట్టుకుని. "ఇన్నేళ్ళు తొక్కి తొక్కి నా కాలికి సిగ్గు చచ్చిపోయింది. అసలు గుర్తే రాలేదే!"

మొరీనా గంట మోగించింది. సిపాయిలు నలువైపుల నుంచీ ఈటెలతో పరుగెత్తుకొచ్చారు. సింగారయ్య ఒక్క అర క్షణం ఆలోచించి ఉంటాడు. భుజం మీది కావడిని గిరగిరా తిప్పి విసిరాడు. కుండలు ఫెళ్ళున పగిలాయి. నల్లరాతి గచ్చంతా నూనె. ముందు వచ్చినవాడు జారి వెనకవాడి మీద, వెనకవాడు కుక్క మీద పడ్డారు. కుక్క మొరిగింది, ఈటెలు గలగలలాడాయి.

"ఎడంచేతి మెట్లు! పైకెక్కు! నా గోల నాకొదిలేయ్!" అని అరిచాడు సింగారయ్య. అప్పటికే ఇద్దరు అతని మెడ పట్టుకున్నారు. "ఏరా, ఒక్క ముసిలోణ్ణి పట్టుకోడానికి ఇంతమందా? మీ దొర పెట్టే కూడు ఒంటికి పట్టలేదేంట్రా!"

పొగడ పరుగెత్తింది.

మెట్ల మొదట్లో ఒక రాతి సింహం ఉంది. మొరీనా దూరం నుంచే దానివైపు వేలు చాచి "లయన్స్!" అంది. సింహం ఒళ్ళు విరుచుకుంది. దాని పక్కలోంచి ఇంకొకటి, దాని పక్కలోంచి మరొకటి, పొదలోంచి కుందేళ్ళు దూకినట్టు సింహాలు దూకాయి. ఆవరణ అంతా జూలు, కోరలు, గర్జనలు. పొగడ మెట్ల మీద తూలిపడి వెనక్కి తిరిగింది. ఆమె నోట్లోంచి సన్నగా "లయన్" అని వచ్చింది. ఏమీ కాలేదు. ముందున్న సింహం శ్వాస వేడిగా ఆమె పాదాలకు తగిలింది.

"లయన్!" అంది మళ్ళీ, పళ్ళు బిగించి.

సింహాలన్నీ ఒకదానిలోకొకటి దూరిపోయి ఒక్కటి మిగిలింది. కాని ఆ ఒక్కటీ ఆగలేదు. పొగడ పిల్లిలా మెట్లెక్కింది. పైన తలుపు. "లాక్!" అన్న మొరీనా కేక ఆమె కంటే ముందు అక్కడికి చేరి తలుపును బిగించింది. "ఓపెన్!" అంది పొగడ. తలుపు వేలెడు సందు తెరుచుకుంది. ఆ కోటలో మాట ఎంత గట్టిగా అంటే తలుపులు అంత తెరుచుకుంటాయి. ఆమె పుట్టి బుద్ధెరిగాక గట్టిగా అరిచింది లేదు. సింహం చివరి మెట్టు మీదికి దూకింది.

"ఓపెన్!"

గొంతు చీరుకుపోయినట్టయింది. తలుపు దిమ్మదిరిగేలా తెరుచుకుంది. పొగడ లోపలికి దొర్లి, "లాక్!" అని అదే గొంతుతో అరిచింది. సింహం తల అవతలి నుంచి తలుపుకు తగిలి, రాయి రాయికి తగిలిన చప్పుడైంది. తలుపు మధ్యన ఒక పగులు పాకింది. ఎక్కువసేపు ఆగదు.

ఆమె తల ఎత్తి చూసింది. పక్షిశాల!

ఆ శాలకు గోడలన్నీ రంగు గాజు పలకలు. పడమటి ఎండ వాటిగుండా దూరి నేలమీద నీలాలు, కెంపులు, పచ్చలు పోసినట్టు పరుచుకుంది. బంగారు తీగలతో అల్లిన కొమ్మలు, వెండి ఆకులు, చందనపు గిన్నెల్లో దానిమ్మగింజలు. ఆ కొమ్మల నిండా, కప్పు దాకా, చిలుకలు! పచ్చటి రెక్కలు, ఎర్రటి ముక్కులు. ఒకదానికీ ఇంకోదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. అంత అందం మధ్య ఒక్క చిలుక కూడా గింజ ముట్టలేదు.

"అన్నా!" అని పిలిచింది పొగడ.

శాలలోని చిలుకలన్నీ ఒక్కసారిగా తలలు తిప్పి ఆమె వైపు చూశాయి. పొగడకు దుఃఖం ముంచుకొచ్చింది. అవన్నీ ఎవరికో ఒకరికి అన్నలే. ఎక్కడో ఒక గుమ్మంలో వాళ్ళ కోసం ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. ఆమె ఎవరిని పిలిచినట్టు?

గాజు పలకల్లో రంగు పలచబడుతోంది. తలుపు పగులు పెద్దదవుతోంది. పొగడ ఏడవడానికి కూడా వీలు లేక అటూ ఇటూ తిరిగింది.

మందేటి రేవులో ఒక పద్ధతి ఉంది. మంచు పట్టి అవతలి ఒడ్డు కనబడనప్పుడు పడవవాళ్ళు కేక వేసుకుంటారు. ఆ కేక ఇంటికొకటి. ఒక ఇంటివాళ్ళ కేకకు ఇంకో ఇంటి పడవ కదలదు. పొగడ ఇంటి కేక కేదారే వేసేవాడు. నీళ్ళ మీద అది సాగుతూ పోయి, కొండకు తగిలి వెనక్కి వచ్చేది. ఆమెను వేయమంటే పమిట చాటున ముఖం దాచుకునేది.

ఆమె రెండు చేతులూ నోటి దగ్గర దోసిలి పట్టింది.

"హోఓఓ... లేవో... మందేరుకి లేవోఓఓయ్!"

గొంతు మధ్యలో విరిగింది. అయినా గాజులు కంపించాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. అంతలో ఆ మూల కొమ్మ నుంచి ఒకటి, ఈ కొమ్మ నుంచి రెండు, కప్పు దగ్గర నుంచి గుత్తిగా, పచ్చటి చిలుకలు లేచాయి. మిగతావి కదలలేదు. లేచినవి మాత్రం వాన పడ్డట్టు ఆమె మీదికి దిగాయి. చేతుల మీద, భుజాల మీద, నెత్తి మీద, అంగీ అంచుల మీద. వాటి గోళ్ళు గుచ్చుకుంటుంటే పొగడ నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకేసారి చేసింది.

అన్నీ వచ్చాయా? ఎలా తెలుస్తుంది? ఇంకోసారి కేక వేసింది. మరేదీ లేవలేదు. అప్పుడే తలుపులోంచి రాతి పంజా ఒకటి లోపలికి దూరింది. ఇక ఆగడానికి లేదు.

"బర్డ్ రిటర్న్‌స్!" అంది పొగడ.

రెక్కలన్నీ ఒక్కసారిగా ముడుచుకున్నాయి. పచ్చటి సుడిగాలి ఒకటి ఆమె చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడింది. అందులోంచి ముందు రెండు చేతులు, తెడ్డు పట్టి కాయలు కాచిన చేతులు వచ్చాయి. తరువాత ఆ భుజాలు, ఆ ఉంగరాల జుట్టు, ఆ నవ్వబోతున్న నోరు. కేదారి! ఒంటిమీది మందేటి నీటి వాసనతో సహా!

"అన్నా!" పొగడ అతని చెయ్యి పట్టుకుంది.

కేదారి ఆ చేతి వైపు చూశాడు. ఆమె ముఖం వైపు చూశాడు. మర్యాదగా, మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు.

పొగడకు ముందు అర్థం కాలేదు. చిన్నప్పటి నుంచి "ఏమే", "ఒసే", "మొద్దూ" అని తప్ప పిలవనివాడు. కోపం వచ్చినా, ముద్దు వచ్చినా అదే. 'మీరు' అన్నాడు! ఆ ఒక్క మాట కత్తిలా దిగింది.

"ముగ్గు... ముగ్గు పూసుకున్నాను కదా, అందుకని..." అంటూ ఆమె అంగీతో ముఖం గసగసా తుడుచుకుంది. "ఇప్పుడు చూడు. చూడు అన్నా, నేనే!"

"క్షమించండి తల్లీ," అన్నాడు కేదారి నొచ్చుకుంటూ. "నాది మందేరు. నాకొక పడవుంది. అమ్మ పోయింది, నాన్న పోయాడు. ఇంట్లో నేనొక్కణ్ణే. మీరేమో నన్ను చూసి ఇంకెవరో అనుకుంటన్నారు."

పైన ఉరుములాంటి చప్పుడైంది. పక్షిశాల కప్పు తామరపువ్వులా రేకులు విచ్చుకుంటోంది. ఎర్రటి ఆకాశం లోపలికి పొంగింది. కొమ్మల మీది గుంపులన్నీ ఒక్క పెట్టున లేచాయి. ఆ రెక్కల హోరులో సింహం గర్జన కూడా మునిగిపోయింది.

"రండి, ఇటు రండి!" అని కేదారి తెలియని పిల్లనైనా వదలకుండా భుజం పట్టి ఒక స్తంభం చాటుకు లాగాడు. అక్కడ గోడలో ఒక చిన్న సందు. కింద రేవు, అందులో ఆమె కట్టిన పడవ కనిపిస్తున్నాయి. సందులోంచి రేవుకు దిగే మెట్లు ఉన్నాయి, కాపలా లేదు. "మీకు ఈత వస్తాదా? రాకపోయినా పర్లేదు, నేను పడవోణ్ణి. ముందు మీరు దిగండి."

అన్న బతికే ఉన్నాడు. చేతులు ఉన్నాయి, కాళ్ళు ఉన్నాయి, మంచితనం ఉంది. ఇప్పుడే దిగిపోతే ఇద్దరూ ఇంటికి చేరవచ్చు. పొగడ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

"పొగడా!"

ఎవరో పిలిచారు. గొంతు కీచుగా, ముద్దుగా ఉంది.

"ఒసే పొగడా! మొద్దూ! అన్నం తిన్నావంటే?"

పొగడ స్తంభం పక్కనుంచి తొంగి చూసింది. శాల అవతలి కొసన ఉన్న పాలరాతి వసారాలోకి వక్రకేతుడు నడిచి వస్తున్నాడు. నల్లటి పట్టు అంగీ నేలమీద పాములా జరజర పాకుతోంది. పది వేళ్ళకూ నాగమణులు. అతని ఎడమ భుజం మీద, కాలికి బంగారు గొలుసుతో ఒక చిలుక కూర్చుని ఉంది.

"పొగడా! ఒసే పొగడా!" అని అది మళ్ళీ అంది. అన్న గుంపులో తగ్గింది అదే.

"పాడు పిట్ట," అన్నాడు వక్రకేతుడు, దాని గొంతు నిమురుతూ. "గుంపులో ఇదొక్కటే అలుపులేకుండా వాగుతుంటే, వినోదానికి నా భుజం మీద ఉంచుకున్నాను. పొద్దస్తమానం ఇదే పేరు." అతని చూపు పగిలిన తలుపు మీద, అందులో ఇరుక్కున్న రాతి సింహం మీద, నేలమీద రాలిన ముగ్గుపిండి మీద మెల్లగా తిరిగింది. "శాలలోకి ఎవరో వచ్చారు. ఎవరా పొగడ?"

స్తంభం చాటున కేదారి ఆమె చెవిలో గుసగుసగా అన్నాడు: "ఎవరో పాపం, ఆ అమ్మాయి. వాడి చేత చిక్కిపోద్ది. మీరు దిగండి, నేను చూసొస్తాను."

పొగడ అతన్ని వెనక్కి నెట్టింది. ఆమె అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయి. అయినా స్తంభం చాటు నుంచి ఎర్రటి వెలుతురులోకి నడిచి వచ్చింది.

"నేనే," అంది.

చిలుక రెక్కలు విప్పి గొలుసు తెగేలా ఎగిరింది. వక్రకేతుడు నాగమణుల వేలు ఆమె గుండెకు గురిపెట్టాడు. తోక తగిలించడానికి అతను, పీకడానికి ఆమె, ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.